ఆలస్యం ఎవరిది?

క్యాన్సర్ గురించి ఏ సెమినార్‌కి వెళ్ళినా, ఏ పత్రిక తిరగేసినా ఒక వాక్యం తప్పకుండా ఎదురవుతుంది. "మన ఆడవాళ్ళు ఆలస్యంగా వస్తారు." డాక్టర్లు జాలిగా అంటారు. అధికారులు విసుగ్గా అంటారు. అక్టోబర్ నెలలో గులాబీ రిబ్బన్లు పెట్టుకుని ర్యాలీలు తీసే సంస్థలు ఉపదేశంగా అంటాయి. సాహిత్యం చదువుకున్నదాన్ని కనక వాక్యంలో కర్త ఎవరో చూడటం నాకు అలవాటు. ఈ వాక్యంలో కర్త రోగి. తప్పూ ఆమెదే. ఆమెకి సిగ్గు, భయం, అజ్ఞానం, మూఢనమ్మకం. ఆస్పత్రి, ప్రభుత్వం, మందుల కంపెనీ, పరిశోధనా సంస్థ, వీళ్ళెవరూ ఆ వాక్యంలో కనపడరు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ వాక్యం అబద్ధం. క్యాన్సర్ వైద్య చరిత్రలో పేద స్త్రీ అందరికన్నా ముందొచ్చింది. ఆలస్యంగా వచ్చింది, ఇంకా వస్తూనే ఉంది, వైద్యం.

ముందు లెక్కలు చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం 2024లో ఇచ్చిన అంచనా ప్రకారం, మానవాభివృద్ధి సూచికలో పై మెట్టు మీదున్న దేశాల్లో 12 మంది స్త్రీలలో ఒకరికి జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ బయటపడుతుంది. 71 మందిలో ఒకరు దానివల్ల చనిపోతారు. కింది మెట్టు దేశాల్లో 27 మందిలో ఒకరికే బయటపడుతుంది. చనిపోయేది మాత్రం 48 మందిలో ఒకరు. జబ్బు తక్కువ, చావు ఎక్కువ. ఇక గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తో 2022లో ప్రపంచంలో దాదాపు 3,50,000 మంది స్త్రీలు చనిపోతే, అందులో 94 శాతం పేద, మధ్యాదాయ దేశాల వాళ్ళే. మన దేశంలో ఆ ఏడాది దాదాపు 1,27,000 కొత్త కేసులు, 80,000 మరణాలు.

నేను ఈ రెండో క్యాన్సర్ గురించే మాట్లాడతాను. ఎందుకంటే సాకులకి అతి తక్కువ చోటున్న క్యాన్సర్ ఇది. హ్యూమన్ పాపిలోమా వైరస్ సోకాక అది క్యాన్సర్‌గా మారడానికి చాలామందిలో పదేళ్ళకి పైగానే పడుతుంది. ఆ పదేళ్ళలో ఎప్పుడు చూసినా, మారుతున్న కణాలను గుర్తించి అక్కడికక్కడే తీసేయొచ్చు. పాపానికొలావ్ తన స్మియర్ పరీక్ష గురించి పుస్తకం ప్రచురించింది 1943లో. అంటే మనకి స్వాతంత్ర్యం రాకముందే ఈ చావుని ఆపే దారి తెలిసింది. న్యూజెర్సీలో స్థిరపడిన తెలుగమ్మాయికి 21 ఏళ్ళు నిండిన దగ్గర్నుంచీ డాక్టరు గుర్తుచేసి మరీ ఈ పరీక్ష చేయిస్తుంది. అదే అమ్మాయి తల్లి సూర్యాపేటలో ఉంటే ఆమెని ఎవరూ పిలవరు. మన ప్రభుత్వం 30 ఏళ్ళు దాటినవాళ్ళకి ఈ పరీక్షలు చేయాలని 2016లో మార్గదర్శకాలు రాసుకుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే 30-49 ఏళ్ళ స్త్రీలలో జీవితంలో ఒక్కసారైనా ఈ పరీక్ష జరిగినవాళ్ళు 1.9 శాతం. పిలవని పేరంటానికి రాలేదని మిగిలిన 98 మందినీ నిందిస్తున్నాం.

మా మేనత్త ఆ 98 మందిలో ఒకతె. నిజామాబాద్ వైపు ఒక ఊళ్ళో బీడీలు చుట్టేది. ముట్లుడిగిన ఆరేళ్ళకి మళ్ళీ రక్తం కనపడితే మూడో రోజే ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్ళింది. అతను సూదులేశాడు, మాత్రలిచ్చాడు. తగ్గకపోతే మళ్ళీ వెళ్ళింది. తెల్లబట్ట, నడుంనొప్పి అని నాలుగు నెలల్లో ఎన్నిసార్లు వెళ్ళిందో ఆమెకే లెక్కలేదు. చివరికి అతనే టౌన్లో ఒక నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్ళాడు. "గర్భసంచి పాడైంది, ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది" అన్నారు. పుస్తెలతాడు తాకట్టుపెట్టి ఆపరేషన్ చేయించుకుంది. తీసిన ముక్కని పరీక్షకి పంపారా, లేదా అన్నది ఈరోజుకీ మాకు తెలియదు. కాయితం ఏదీ ఇవ్వలేదు. ఏడాది తిరక్కుండా మళ్ళీ రక్తం. పెద్దాస్పత్రిలో కేస్‌షీటు రాసుకుంటూ ఆ జూనియర్ డాక్టరమ్మ మా బావని కోప్పడింది. "ఇంత లేటుగా తీసుకొస్తారా?"

ఇది ఒక్క మేనత్త కథ అయితే ఇక్కడ రాయను. 2015-16 సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. క్యాన్సర్ పరీక్ష అందని చోట క్యాన్సర్ భయం మాత్రం ఇంటింటికీ అందింది. దాన్ని అమ్ముకోవడానికి నర్సింగ్ హోములకి ఏ మార్గదర్శకాలూ అవసరం రాలేదు. డబ్బు, కడుపుకోత, పని చేసుకునే ఒంట్లో బలం, అన్నీ పెట్టి మన ఆడవాళ్ళు కొనుక్కున్నది ఆ భయాన్నే. వాళ్ళని వైద్యానికి దూరంగా ఉన్నవాళ్ళని ఎట్లా అంటాం?

ఇక పేద స్త్రీ ముందొచ్చిందని ఎందుకన్నానో చెబుతాను.

1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రికి హెన్రియెట్టా లాక్స్ అనే 30 ఏళ్ళ నల్లజాతి స్త్రీ వచ్చింది. అయిదుగురు పిల్లల తల్లి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. ఆమెకి చెప్పకుండా, అడక్కుండా తీసిన కణాలు ప్రయోగశాలలో చావకుండా పెరుగుతూ పోయాయి. ఆమె అదే ఏడాది అక్టోబర్‌లో చనిపోయింది. హీలా పేరుతో ఆ కణాలు ప్రపంచమంతా తిరిగాయి. ముఖద్వార క్యాన్సర్‌కి పాపిలోమా వైరస్ కారణమని తేల్చిన హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందానికి 1980లలో ఆ వైరస్ 18వ రకం హీలా కణాల్లోనూ దొరికింది. 2008లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఆ విజ్ఞానం నుంచే టీకా వచ్చింది. హీలా కణాల మీద వ్యాపారం చేసిన ఒక పెద్ద కంపెనీ ఆమె వారసులతో రాజీకి వచ్చింది 2023లో. ఆమె చనిపోయిన 72 ఏళ్ళకి. ఈ చరిత్రలో ఆమెకన్నా ముందు వచ్చిందెవరు? ధనిక దేశంలో ఉన్నా పేద స్త్రీ, నల్ల స్త్రీ స్థానం ఎక్కడుంటుందో ఆమె కథ చెబుతుంది. దేశాల మధ్య గీత ఎంత నిజమో, దేశం లోపలి గీత కూడా అంతే నిజం.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 1990ల చివర్లో, 2000ల మొదట్లో ముంబై బస్తీల్లో, మహారాష్ట్రలోని ఉస్మానాబాద్‌లో, తమిళనాడులోని దిండిగల్‌లో మూడు పెద్ద అధ్యయనాలు మొదలయ్యాయి. ముంబై అధ్యయనానికి అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ, మిగిలిన రెండింటికీ గేట్స్ ఫౌండేషన్ డబ్బిచ్చాయి. వెనిగర్‌లో ఉండే ఆమ్లాన్నే పలచగా గర్భాశయ ముఖద్వారానికి అద్ది, తెల్లబడిన చోటు కోసం కంటితో చూసే పరీక్షని మూడు చోట్లా పరిశీలించారు. ఉస్మానాబాద్‌లో పాప్ పరీక్షనీ, వైరస్ పరీక్షనీ కూడా పోల్చారు. వెనిగర్ పరీక్ష నర్సు చేయగలదు, ఖర్చు దాదాపు లేదు, ఫలితం నిమిషాల్లో తెలుస్తుంది. మంచిదే. కానీ మూడు చోట్లా ఒక కంట్రోల్ గ్రూప్ ఉంది. మూడూ కలిపి 1,38,624 మంది. వాళ్ళకి ఏ స్క్రీనింగూ చేయలేదు. ముంబైలో వాళ్ళకి దక్కింది క్యాన్సర్ గురించి ఒక విడత అవగాహన బోధన. తర్వాత ఏళ్ళ తరబడి రెండు వైపులా చావులు లెక్కపెట్టారు. ముంబై ఫలితాలని 2013లో చికాగోలో జరిగిన క్యాన్సర్ వైద్యుల మహాసభలో ప్రకటించారు. వెనిగర్ పరీక్ష వల్ల మరణాలు 31 శాతం తగ్గాయన్నారు. పరీక్షలు జరగని గుంపుల్లో ఈ క్యాన్సర్ తో చనిపోయినవాళ్ళు 254 మంది అని ఎరిక్ సూబా అనే అమెరికన్ వైద్యుడు 2014లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ ఎథిక్స్‌లో లెక్క చెప్పాడు.

పరిశోధకుల సమాధానం కూడా చెప్పాలి. భారతదేశంలో అప్పటికి స్క్రీనింగ్ కార్యక్రమమే లేదు, అంచేత ఆ స్త్రీల నుంచి మేం తీసుకున్నదేమీ లేదు, ఉన్న స్థితిలోనే ఉంచాం అన్నారు. 'స్థానికంగా అమల్లో ఉన్న వైద్య ప్రమాణం' అని దానికి ఒక పేరు. ఈ మాటని మనం జాగ్రత్తగా చదవాలి. లేమిని ప్రమాణం అంటున్నారు. ఆ లేమిని సృష్టించింది ప్రభుత్వాల నిర్లక్ష్యం, కులం, పేదరికం. అది పరిశోధన పత్రంలోకి వచ్చేసరికి వాతావరణం లాగా, ఎవరి ప్రమేయమూ లేని స్థానిక పరిస్థితి లాగా మారిపోయింది. ఇంకొక సంగతి. ధనిక దేశాల్లో పాప్ పరీక్షని ప్రవేశపెట్టే ముందు ఇట్లా ఒక గుంపుకి పరీక్ష చేసి, ఇంకొక గుంపుని వదిలేసి చావులు లెక్కపెట్టలేదు. పనికొస్తుందని నమ్మారు, తమ స్త్రీలకి చేశారు, నార్డిక్ దేశాల్లో మరణాలు తగ్గాయి. వాళ్ళ స్త్రీల విషయంలో నమ్మకం చాలింది. మన స్త్రీల విషయంలో శవాల రుజువు కావాల్సివచ్చింది. వెనిగర్ పరీక్ష కొత్తది, రుజువు అవసరమే. మంచిదని అప్పటికే తెలిసిన పరీక్షతోనే దాన్ని పోల్చి ఊరుకోవచ్చు కదా. ఏమీ చేయని గుంపు ఎందుకు?

ఆ రుజువు తేలాకైనా ఆ పరీక్ష అందరికీ అందిందా? పైన చెప్పిన 1.9 శాతం ఆ తర్వాతి లెక్కే.

మూడో కథ మన తెలుగు నేల మీదిది. వైరస్ టీకాకి అమెరికాలో 2006 జూన్‌లో అనుమతి వచ్చింది. మూడు డోసులు 360 డాలర్లు. 2009 జూలైలో పాత్ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ళ ఆడపిల్లలు దాదాపు 14,000 మందికి ఈ టీకా వేయడం మొదలుపెట్టాయి. టీకా కంపెనీ ఉచితంగా ఇచ్చింది. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. చాలామంది ఆదివాసీ పిల్లలు, హాస్టళ్ళలో ఉండి చదువుకునేవాళ్ళు. 2010 మార్చిలో 'సమా' స్త్రీల బృందం భద్రాచలం వెళ్ళి ఆ పిల్లలతో మాట్లాడితే సంగతులు బయటికొచ్చాయి. ఏప్రిల్లో కార్యక్రమం ఆగిపోయింది. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక ఇచ్చింది. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి. ఇది మానవ హక్కుల ఉల్లంఘన అని సంఘం తేల్చింది. పాత్ సంస్థ దాన్ని ఒప్పుకోలేదు.

ఇక్కడ రెండు వైపులా జరిగే వక్రీకరణని ఆపాలి. ఆ కాలంలో రెండు రాష్ట్రాల్లో టీకా వేసుకున్న ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకి టీకా కారణమని విచారణలో తేలలేదు. టీకా మంచిది. స్కాట్లాండ్‌లో 12, 13 ఏళ్ళకి టీకా పూర్తిగా వేయించుకున్న అమ్మాయిల్లో ఒక్కరికి కూడా ఈ క్యాన్సర్ రాలేదని 2024లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. కాబట్టి భద్రాచలం పేరు చెప్పి టీకా వద్దనేవాళ్ళతో నాకు పేచీ ఉంది. అంతకన్నా పెద్ద పేచీ ప్రభుత్వాలతో. ఆ ఉదంతం నుంచి వాళ్ళు నేర్చుకోవాల్సిన పాఠం, ఆదివాసీ తల్లిని కూడా బంజారాహిల్స్ తల్లిని అడిగినట్టు అడగడం. వాళ్ళు నేర్చుకున్న పాఠం, అసలు ఇవ్వడమే మానేయడం. ఆస్ట్రేలియాలో 2007లో, బ్రిటన్‌లో 2008లో ప్రతి ఆడపిల్లకీ ప్రభుత్వమే టీకా ఇవ్వడం మొదలుపెడితే, మన కేంద్రం 'ప్రోత్సహిస్తాం' అన్న మాట బడ్జెట్ ప్రసంగంలో అన్నది 2024 ఫిబ్రవరిలో. ఈ మధ్యకాలంలో హైదరాబాద్ కార్పొరేట్ ఆస్పత్రుల్లో డబ్బున్న పిల్లలు టీకా కొనుక్కున్నారు. ప్రదర్శన ప్రాజెక్టుకి చేతులు చాచిన భద్రాచలం పిల్లల చెల్లెళ్ళు కొనుక్కోలేదు.

పేద దేశానికి అంత స్తోమత ఎక్కడిదంటారు. మారణహోమం నుంచి లేచిన రువాండా 2011లో దేశవ్యాప్తంగా ఈ టీకా ఇవ్వడం మొదలుపెట్టింది. భూటాన్ 2010లోనే. మన దేశంలోనే సిక్కిం 2018లో బడుల ద్వారా, తల్లిదండ్రులతో మాట్లాడి, 95 శాతానికి పైగా పిల్లలకి ఇచ్చింది. స్తోమత కన్నా ముందు కావలసింది ఆ పిల్లలు మన పిల్లలనుకోవడం.

చివరిది నొప్పి. ముదిరిన ముఖద్వార క్యాన్సర్ నొప్పి ఎట్లా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుసు. దానికి మార్ఫిన్ కావాలి. మార్ఫిన్ నల్లమందు నుంచి వస్తుంది. నల్లమందుని ప్రభుత్వ లైసెన్సుతో పండించి ఎగుమతి చేసే దేశం మనది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పొలాల్లో పండుతుంది. అమెరికా తన మత్తుమందుల ముడిసరుకులో కనీసం 80 శాతం భారతదేశం, టర్కీల నుంచే తెచ్చుకోవాలని 1981లో నియమం పెట్టుకుంది. 2017 లాన్సెట్ కమిషన్ లెక్క ప్రకారం ఏటా ప్రపంచంలో పంచే 298.5 టన్నుల మార్ఫిన్ తరహా మందుల్లో అతిపేద దేశాలకి చేరేది 0.1 టన్ను. అమెరికాకి దాని అవసరానికి 30 రెట్లకి పైగా అందుతుంటే, మనకి అవసరంలో 4 శాతం అందుతోంది. 1985 నాటి మత్తుమందుల చట్టం మార్ఫిన్‌ని ఆస్పత్రులకి అంటరానిది చేసింది. 2014లో సవరించారు. చాలా జిల్లాల్లో సవరణ కాయితం మీదే ఉంది. పొలం మనది, పంట మనది, నొప్పి మనది.

కణాలు, చావుల లెక్కలు, వార్డెన్ సంతకాలు, నల్లమందు. వలస పాలనలో పత్తి వెళ్ళినట్టు ముడిసరుకంతా ఇటు నుంచి వెళ్తుంది. నేసిన బట్ట తిరిగొచ్చేసరికి ధర ఉంటుంది, లేదా దయ ఉంటుంది. "ఏమీ లేనిచోట ఏదో ఒకటి ఇస్తున్నారుగా" అనే మాట మన స్నేహితులే అంటుంటారు. ఏమీ లేకపోవడం నుంచి లెక్క మొదలుపెడితే ప్రతిదీ దానంలాగే కనపడుతుంది. ఇచ్చినదాని నుంచి లెక్క మొదలుపెట్టండి. అప్పుడు అది బాకీ.

మనం ఏం రాస్తున్నామన్నది కూడా అడగాలి. క్యాన్సర్ అనగానే తెలుగువాళ్ళకి 'ప్రేమాభిషేకం' గుర్తొస్తుంది. హీరో ప్రేమని త్యాగం చేసి అందంగా చనిపోతాడు. రక్తస్రావం, దుర్వాసన, దూరంగా వేసిన మంచం ఉన్న ఆడవాళ్ళ క్యాన్సర్‌కి మన సినిమాలో చోటు లేదు. ఆడ్రీ లార్డ్ రొమ్ము తీసేశాక కృత్రిమ రొమ్ము పెట్టుకోనని నిలబడి 1980లో తన పుస్తకం రాసుకుంది. మన బీడీ కార్మికురాలి గురించి మిగిలేది కేస్‌షీటు ఒక్కటే. ఆడవాళ్ళ ఒంటి గురించి ఆడవాళ్ళే మాట్లాడుకోవాలని 'సవాలక్ష సందేహాలు' తెచ్చుకున్న వారసత్వం మనది. ఆ సంభాషణ క్యాన్సర్ వార్డు గుమ్మం దగ్గర ఆగిపోకూడదు.

అడగాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. మన స్త్రీల మీద జరిగే ఏ అధ్యయనంలోనైనా పోలికకి పెట్టే వైద్యం ప్రపంచంలో అప్పటికి తెలిసిన మంచి వైద్యం కావాలి. ఫలితం ముందుగా అదే ఊరికి అందాలి. కూతురికి టీకా వేసే రోజున తల్లికి పరీక్ష చేయాలి, ఎందుకంటే టీకా తల్లిని కాపాడదు. ముఖద్వారం పరీక్షించకుండా, తీసిన ముక్క బయాప్సీ రిపోర్టు చేతికివ్వకుండా గర్భసంచి ఆపరేషన్ చేయడం నేరం కావాలి. ప్రతి జిల్లా ఆస్పత్రిలో మార్ఫిన్ ఉండాలి.

ఇంకొకటి, చిన్నది. కేస్‌షీటులో 'ఆలస్యంగా వచ్చింది' అని రాసే ముందు ఒక గడి పెట్టమందాం. ఈమె తన బాధ మొదటిసారి ఏ తేదీన, ఎవరికి చెప్పుకుంది? వాళ్ళేం చేశారు? ఆ గడి నింపితే చాలు, ఆలస్యం ఎవరిదో ఆ కాయితమే చెబుతుంది.